మెట్లెక్కినా రాని నీరసం ఓపీలో ఎందుకొస్తుంది?

*వైద్య విద్యార్థుల అలసటకు కారణం వాళ్ల మనసులోనే కాదు, ఆసుపత్రి గోడల్లో, కిటికీల్లో, కుర్చీల్లో కూడా ఉంది*

అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన కుర్రాడు 3,550 మెట్లు, దాదాపు తొమ్మిది కిలోమీటర్ల దారి, మూడు నాలుగు గంటల్లో ఎక్కేస్తాడు. కొండపైకి చేరేసరికి చొక్కా తడిసిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. అయినా స్నానం చేసి దర్శనం క్యూలోకి వెళ్లే ఓపిక మిగిలే ఉంటుంది. అదే కుర్రాడు వైద్య విద్యార్థి అనుకుందాం. ఉదయం తొమ్మిదికి ఏదో ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లి, ప్రొఫెసర్ కుర్చీ వెనక ఒంటిగంట దాకా నిలబడ్డాడు. హాస్టల్‌కు రాగానే మంచం మీద వాలిపోయాడు. పుస్తకం తెరవబుద్ధి కాలేదు. ఎక్కింది ఒక్క మెట్టూ లేదు. మరి ఒళ్లెందుకంత అలిసింది?

‘ఈ తరం పిల్లలు నాజూకు’ అనేస్తే పని తేలిగ్గా అయిపోతుంది. కానీ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. నడకదారికి పైకప్పు ఉంది. దాహమైతే కొళాయి, అవసరమైతే మరుగుదొడ్డి, కాళ్లు లాగితే కూర్చోవడానికి మెట్టు ఉన్నాయి. ఎప్పుడు ఆగాలో ఎక్కేవాడి ఇష్టం. గాలి గోపురం దాటితే నిట్టనిలువు మెట్లు తగ్గుతాయని, మోకాళ్ల పర్వతం వస్తే చివరికొచ్చామని ముందే తెలుసు. ఓపీలో నిలబడ్డ విద్యార్థికి వీటిలో ఏ ఒక్కటీ లేదు. ఈ తేడా ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

తిరుపతి ఈ ముచ్చటకు సరైన చోటు. ఎస్వీ మెడికల్ కాలేజీ ఇక్కడ 1960లో మొదలైంది. దాని విద్యార్థులు రుయా ఆసుపత్రిలో రోగుల్ని చూసి నేర్చుకుంటారు. పక్కనే తితిదే స్థాపించిన స్విమ్స్ వైద్య సంస్థ, దాని కింద 2014లో వచ్చిన శ్రీపద్మావతి మహిళా వైద్య కళాశాల ఉన్నాయి. 2019 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక మొదటి ఏడాది పిల్లల్ని కూడా రోగుల దగ్గరికి తీసుకెళ్తోంది. అంటే క్లినిక్‌లో నిలబడే కాలం ఇప్పుడు ఇంకా పెరిగింది.

నడకకన్నా నిలకడే కష్టం

గుండె రక్తాన్ని కాళ్ల దాకా పంపగలదు. తిరిగి పైకి తేవడం మాత్రం దానొక్కదాని వల్ల కాదు. ఆ పనిలో పిక్క కండరాలు తోడుండాలి. అడుగు వేసినప్పుడల్లా పిక్క బిగుసుకుని లోపలి సిరల్ని నొక్కుతుంది. సిరల్లోని కవాటాలు రక్తాన్ని కిందికి జారనివ్వవు కాబట్టి అది పైకే పోతుంది. అందుకే పిక్కను ‘రెండో గుండె’ అంటారు. మెట్లెక్కేవాడికి ఈ పంపు ఆగకుండా ఆడుతూనే ఉంటుంది. కదలకుండా నిలబడ్డవాడికి ఆగిపోతుంది.

పంపు ఆగితే అర లీటరుకు పైగా రక్తం పొట్ట కింది భాగంలోకి, కాళ్లలోకి దిగి అక్కడే నిలుస్తుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. మెడ ధమనుల్లోని పీడన గ్రాహకాలు దీన్ని పసిగట్టి గుండె వేగాన్ని పెంచుతాయి, రక్తనాళాల్ని బిగిస్తాయి. బయటికి నిశ్చలంగా కనిపించే ఆ విద్యార్థి ఒళ్లు లోపల ఇలా గంటల తరబడి సర్దుకుంటూనే ఉంటుంది.

మే నెల తిరుపతిలో పాదరసం 40 డిగ్రీలు దాటుతుంది. ఒంటి వేడి బయటికి పోవాలంటే చర్మంలోని నాళాలు విప్పారాలి. ఒకవైపు బిగించాల్సిన అవసరం, మరోవైపు విప్పాల్సిన అవసరం. పైన ఏప్రాన్. ఎనిమిదిన్నర బస్సు కోసం పొద్దున టిఫిన్ మానేసి ఉంటారు. నీళ్లు తాగితే మరుగుదొడ్డి వెతుక్కోవాలని తాగి ఉండరు. ఇక సర్దుకోవడం ఒంటి వల్ల కాదు. మెదడుకు చేరే రక్తం తగ్గి కళ్లు బైర్లు కమ్ముతాయి.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. గోడ వెంబడి నడుము ఎత్తున ఆనుకోవడానికి ఒక చెక్క పట్టీ ఉంటే చాలు. వెనక వరసకు సగం కూర్చుని సగం నిలబడే ఎత్తు స్టూళ్లు వేయవచ్చు. వార్డులో మడతపెట్టి మంచం కిందికి తోసే స్టూళ్లు పెట్టుకోవచ్చు. గంటకోసారి నాలుగడుగులు వేసేందుకు చోటు ఉండాలి.

> థియేటర్‌లో పడిపోయేది పిరికివాళ్లేనా?
>
> ఆపరేషన్ చూస్తూ విద్యార్థి కళ్లు తిరిగి పడిపోతే అంతా నవ్వుతారు, రక్తం చూసి భయపడ్డాడంటారు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో 630 మంది వైద్య విద్యార్థుల్ని అడిగి 2009లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 12 మంది థియేటర్‌లో తమకు కళ్లు తిరిగాయనో, పడిపోయామనో చెప్పారు. కారణాలుగా వాళ్లు ఎక్కువగా చెప్పినవి వేడి, చాలాసేపు నిలబడటం. రక్తం చూసిన భయం కూడా పనిచేస్తుంది, కాదనలేం. కానీ అది చివరి తోపు మాత్రమే. అంచు దాకా తీసుకొచ్చేవి గది, గడియారం, ఖాళీ కడుపు.
>
> ఏం చేయాలి: పాదాల వేళ్లు ఆడిస్తూ ఉండాలి, పిక్కలు బిగించి వదులుతూ ఉండాలి. చెమట పట్టి చూపు మసకబారితే సిగ్గుపడకుండా వెంటనే కూర్చోవాలి. కూర్చునేందుకు ఒక స్టూలు ఉంచడం థియేటర్ బాధ్యత.

వెనక వరసకు మాట ఎందుకు అందదు?

ప్రొఫెసర్ మామూలు గొంతుతో మాట్లాడితే మీటరు దూరంలో దాదాపు 60 డెసిబెళ్లు వినిపిస్తుంది. దూరం రెట్టింపయినప్పుడల్లా నేరుగా వచ్చే శబ్దం ఆరు డెసిబెళ్లు తగ్గుతుంది. నాలుగు మీటర్ల వెనకున్న విద్యార్థికి చేరేది 48. ఓపీ హాల్లో జనం రొద 60 దాటి ఉంటే పాఠం అందులో మునిగిపోతుంది.

రొద ఎందుకంత పెరుగుతుందన్నది ఆసక్తికరం. పలుచటి కర్టెన్, మెత్తటి దిండు శబ్దాన్ని ఎంతో కొంత పీల్చుకుంటాయి. మన ఆసుపత్రి హాల్లో ఉండేవి టైల్స్, గ్రానైట్, సిమెంటు శ్లాబు, ఇనుప బెంచీలు. కడగడానికి తేలికే గానీ, పడ్డ శబ్దాన్ని పడ్డట్టే వెనక్కి కొడతాయి. ఒక మాట చావకముందే ఇంకో మాట వచ్చి దానిమీద పడుతుంది. చుట్టూ గోల ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ వందేళ్ల కిందటే చూపించాడు. అటెండర్ పేరు కేకేస్తాడు, పేషెంటు తాలూకు మనిషి ఫోన్లో అరుస్తాడు, నర్సమ్మ ఇంకాస్త గట్టిగా చెబుతుంది. ఎవరి తప్పూ లేకుండానే హాలంతా హోరెత్తుతుంది. మనదగ్గరే కాదు, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ప్రపంచమంతటి కొలతలు పోగేసి, ఆసుపత్రుల పగటి శబ్దం 1960లో సగటున 57 డెసిబెళ్లుంటే 2005 నాటికి 72కు చేరిందని తేల్చారు. వైద్యశాల చికిత్స గదుల్లో 35 దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

దీని భారం మోసేది మెదడు. సగం వినిపించిన వాక్యాన్ని ఊహతో పూరించుకోవడానికే దాని శక్తి ఖర్చవుతుంది. అర్థం చేసుకుని గుర్తుపెట్టుకోవడానికి మిగిలేది కొంచెమే. పైగా సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన రోగి అరవం కలిపి మాట్లాడితే పని రెట్టింపవుతుంది. ఇక స్టెతస్కోపు చెవిలో పెట్టుకుని గుండెలో మర్మర్ వినమన్నప్పుడు చూడాలి. అది లబ్‌డబ్‌ల మధ్య వినీ వినిపించని ఊదు. ఆ హోరులో సగం మందికి ఏమీ వినపడదు, కానీ ‘విన్నారా?’ అని అడిగితే అంతా తలూపుతారు. ‘నాకొక్కడికే వినపడలేదు, నేను పనికిరానేమో’ అన్న బెంగ అక్కడే పుడుతుంది. నిజానికి పనికిరానిది ఆ గది.

ఓపీ పక్కనే తలుపు వేసుకోగలిగే చిన్న బోధన గది, ఎనిమిది పదిమందికి సరిపడేది, ఉంటే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. రోగిని చూడటం ఓపీలో, చర్చ గదిలో. హాలు పైకప్పుకు శబ్దం పీల్చే పలకలు వేయొచ్చు. పేర్లు కేకేసే బదులు టోకెన్ నంబరు బోర్డు మీద చూపించొచ్చు.

గాలి: ఆరోగ్యవరం పాఠం

మదనపల్లె పక్కన, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, 1912లో ఒక క్షయ చికిత్సాలయం వెలిసింది. అదే ఇప్పటి ఆరోగ్యవరం. దాని తొలి సారథి డెన్మార్క్ నుంచి వచ్చిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రీమోట్ మోలర్. క్షయకు తొలి మందైన స్ట్రెప్టోమైసిన్ కనుక్కోవడానికి ఇంకా మూడు దశాబ్దాలు ఉంది. క్షయకు మందు లేని ఆ రోజుల్లో ప్రపంచంలో ఏ శానిటోరియమైనా నమ్ముకున్నది పొడి గాలి, ఎండ, విశ్రాంతి, మంచి తిండి. అందుకే ఆ కాలపు కట్టడాలకు పొడవాటి వరండాలు, ఎత్తైన కప్పులు, ఎదురెదురు కిటికీలు ఉండేవి. మందులొచ్చాక ఆ వాస్తును మరిచిపోయాం.

అది పాతకాలపు చాదస్తం కాదని పెరూ రాజధాని లీమాలో చేసిన అధ్యయనం 2007లో నిరూపించింది. ఎనిమిది ఆసుపత్రుల్లో 70 గదుల గాలిని కొలిచారు. కిటికీలు, తలుపులు తెరిచినప్పుడు పాతకాలపు ఎత్తు గదుల్లో గాలి గంటకు 40 సార్లు పూర్తిగా మారింది. కొత్త గదుల్లో 17 సార్లు. యంత్రాలతో గాలి నడిపే గదుల్లో 12 సార్లే. మందు మొదలుపెట్టని క్షయ రోగితో ఒక రోజంతా ఉంటే ఎంతమందికి సోకుతుందో లెక్కగట్టారు. యంత్రాల గదిలో నూటికి 39 మందికి, కొత్త గదుల్లో 33 మందికి, పాత గదుల్లో 11 మందికి అని తేలింది.

విద్యార్థికి దీంతో ఏం పని? ఓపీకి దగ్గుతూ వచ్చిన రోగికి క్షయ ఉందో లేదో అప్పటికింకా ఎవరికీ తెలియదు. అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టేది విద్యార్థే. ‘నాకూ అంటుకుందేమో’ అన్న భయం మన వైద్య కళాశాలల హాస్టళ్లలో ఎప్పుడూ ఉండేదే. ఆ భయాన్ని కౌన్సెలింగ్ కొంత తగ్గించగలదు. ఎదురెదురు కిటికీలు భయానికి అసలు కారణాన్నే తగ్గిస్తాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. వేడి తగ్గించాలని స్ప్లిట్ ఏసీ పెట్టి కిటికీలు మూసేస్తాం. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది, బయటి గాలిని తేదు. ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి మాత్రం పదిమందీ వదిలిందే. అలాగని వేడిని భరించమనలేం. 2016 జూలైలో బోస్టన్ వడగాడ్పుల్లో ఏసీ లేని హాస్టల్లో పడుకున్న విద్యార్థులు పొద్దున్నే పెట్టిన పరీక్షలో మిగతావాళ్లకన్నా 13 శాతం నెమ్మదిగా స్పందించారు. కాబట్టి గదుల్ని పనిని బట్టి వేరుచేయాలి. దగ్గు, జ్వరం రోగుల్ని చూసే చోటు వరండా వైపు తెరుచుకుని, కప్పు దగ్గర వెంటిలేటర్లతో ఉండాలి. మూసిన బోధన గదికి ఏసీ పెట్టినా, దాంతోపాటు బయటి గాలి తెచ్చే ఏర్పాటూ ఉండాలి.

పగలు వెలుతురు, రాత్రి చీకటి

కంట్లో చూడటానికి పనికొచ్చే కణాలు కాక, వెలుతురెంతుందో మెదడుకు చేరవేసే కణాలు కొన్ని ఉన్నాయని పాతికేళ్ల కిందట తెలిసింది. నీలి వెలుతురుకు ఇవి ఎక్కువగా స్పందిస్తాయి. ఒంటి గడియారాన్ని దిద్దేవి ఇవే. పగలు ఇవి మేల్కొంటే రాత్రి మెలటోనిన్ సమయానికి ఊరుతుంది, నిద్ర పడుతుంది. బయట ఎండలో లక్ష లక్స్, నీడలో కూడా పదివేల లక్స్ దాకా వెలుతురుంటుంది. ట్యూబ్‌లైట్ గదిలో మూడు నాలుగొందలు దాటదు. కంటికి రెండూ వెలుతురే అనిపిస్తాయి. గడియారానికి మాత్రం ఆ గది సంధ్యవేళలా తోస్తుంది. కిటికీలేని సెమినార్ గదిలో రోజంతా గడిపినవాళ్లకు రాత్రి నిద్ర రాకపోవడానికి ఇదో కారణం.

కిటికీ చేసే ఇంకో మేలును 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు చూపించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిని గమనిస్తే, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా ముందే ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. తిరుపతిలో ఈ మేలు ఉచితం. ఊరికి ఉత్తరాన శేషాచలం కొండలున్నాయి. ఉత్తరపు కిటికీలోంచి వచ్చేది కళ్లు చెదిరే ఎండ కాదు, చల్లటి వెలుతురు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఇక్కడ నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, దానికి ఒక సజ్జా చాలు.

రాత్రి డ్యూటీ గదికి కావాల్సింది దీనికి పూర్తిగా తిరగబడినది. మసక వెలుతురు, చప్పుడు లేకపోవడం, వార్డుకు నాలుగడుగుల దూరం, లోపలి నుంచి వేసుకునే గట్టి గడియ. దూరంగా ఉంటే ఎవరూ వెళ్లరు. గడియ లేకపోతే నిద్ర పట్టదు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో సుదీర్ఘ డ్యూటీ మధ్య సెమినార్ హాల్లో విశ్రమించిన పీజీ డాక్టర్ హత్యాచారానికి బలయ్యాక, సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేస్తూ వైద్యులకు విశ్రాంతి గదులు లేవన్న సంగతిని ప్రత్యేకంగా ప్రస్తావించింది. డ్యూటీ గదిని సౌకర్యాల పద్దులో వేసే రోజులు పోయాయి, అది భద్రత పద్దు.

> నిద్ర లేకపోతే మత్తే
>
> వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతికీ కంటికీ పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి దిగుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. 2004లో బోస్టన్‌లోని ఒక ఐసీయూలో హౌస్ సర్జన్ల సుదీర్ఘ డ్యూటీలను కుదించి చూశారు. పాత పద్ధతిలో తీవ్రమైన పొరపాట్లు దాదాపు 36 శాతం ఎక్కువగా జరిగాయి. అరగంట కునుకు కూడా చురుకు పెంచుతుంది. కాకపోతే లేచిన వెంటనే కొన్ని నిమిషాలు మగత ఉంటుంది, ఆలోపు మందు డోసు లెక్కలు వేయకపోవడం మేలు.

పగ్గం ఎవరి చేతిలో ఉంది?

డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970 ప్రాంతంలో ఒక ప్రయోగం చేశారు. రెండు గుంపులకూ ఒకే రకం గోల వినిపించారు. ఒక గుంపుకు మాత్రం ‘భరించలేకపోతే ఈ మీట నొక్కి ఆపేయొచ్చు’ అని చెప్పారు. చాలామంది దాన్ని ముట్టుకోనేలేదు. అయినా తర్వాత ఇచ్చిన పనుల్లో మీట ఉన్నవాళ్లే మెరుగ్గా నిలిచారు. ఆపగలనన్న ధీమాయే ఒత్తిడిని తగ్గించింది. పని బరువు ఎక్కువ, పట్టు తక్కువ ఉన్న ఉద్యోగాలే మనిషిని ఎక్కువ నలుపుతాయని 1979లో రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు చెప్పిందీ ఇదే.

క్లినిక్‌లో విద్యార్థికి ఆ పట్టు ఇచ్చేవి చిన్న చిన్న ఏర్పాట్లే. బ్యాగు పెట్టుకునే అర లేకపోతే నాలుగు గంటలూ భుజాన వేలాడుతూనే ఉంటుంది. ఏప్రాన్ తగిలించే కొక్కెం, చేతులు కడిగే కుళాయి క్యాంటీన్ ముందు లేకపోతే వార్డు క్రిములంటిన కోటుతోనే దోసె తింటారు. ఇవాళ ఎంబీబీఎస్‌లో చేరేవాళ్లలో సగానికి పైగా అమ్మాయిలు. దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే వాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రనాళ ఇన్ఫెక్షన్ల గురించి పాఠం వింటూ అదే ఇన్ఫెక్షన్ తెచ్చుకోవడం మన దగ్గర వింతేమీ కాదు.

మాట్లాడే చోటు కూడా అంతే ముఖ్యం. కారిడార్‌లో నిలబెట్టి మహిళా రోగి కథ రాసుకుంటుంటే ఆవిడ నెలసరి గురించి నోరు విప్పదు. సగం కేసుతో వెళ్లిన విద్యార్థికి అందరి ముందూ అక్షింతలు. తెర కట్టిన ఒక మూల ఉంటే రోగి చెప్పగలదు, విద్యార్థి అడగగలడు. తప్పు దిద్దడానికి రోగి మంచం పక్కన కాక ఇంకో చోటు ఉంటే, తిట్టే గురువు గొంతు కూడా ఓ మెట్టు దిగుతుంది. రోగి చనిపోయిన రోజున పదినిమిషాలు కూర్చుని జరిగింది మాట్లాడుకోవడానికీ ఆ చోటే పనికొస్తుంది.

గోడలు చేయలేనివి

జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక కోసం పాతికవేల మందికి పైగా ఎంబీబీఎస్ విద్యార్థులు సర్వేలో పాల్గొన్నారు. వాళ్లలో 27.8 శాతం తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పారు. రెసిడెంట్ల పని వారానికి 74 గంటలు దాటకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని ఆ నివేదిక సూచించింది. ర్యాగింగ్, ఫీజుల అప్పు, పరీక్షల భయం, కులం పేరిట వివక్ష లాంటివి ఏ కిటికీతోనూ పోవు. డ్యూటీ చార్టు మారకుండా డ్యూటీ గదికి రంగులేసి లాభం లేదు. మనసు మరీ కుంగితే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

గోడలకున్న సుగుణం మరొకటి. మనుషుల తీరు మార్చడానికి తరం పడుతుంది, గది ఒక్కసారి సరిగ్గా కడితే యాభై ఏళ్లు ఊడిగం చేస్తుంది. తప్పుగా కట్టినా అంతే కాలం పీడిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సెప్టెంబరులో ఒకేసారి అయిదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఇంకా కొన్నిటి పని సాగుతోంది. నక్షా కాగితం మీద ఉన్నప్పుడు గోడ జరపడానికి రబ్బరు చాలు, శ్లాబు పడ్డాక కోట్లు కావాలి.

కట్టేసిన ఆసుపత్రుల్లోనూ చేయగలిగింది ఉంది. ఒక హౌస్ సర్జన్ల జట్టు వారం రోజుల్లో ఈ లెక్కలు తీయగలదు: పదకొండు గంటలప్పుడు ఓపీ మధ్యలో శబ్దం ఎంత (ఫోన్లోని యాప్ సుమారుగా చెబుతుంది), వెనక వరసకు కుర్చీ దొరికే చోట్లెన్ని, తెరవగలిగినా తెరవని కిటికీలెన్ని, వార్డు నుంచి డ్యూటీ గదికి, మరుగుదొడ్డికి ఎన్ని అడుగులు, లోపలి గడియ పనిచేసే గదులెన్ని. ఈ కాగితాన్ని సూపరింటెండెంట్ బల్ల మీద పెడితే, ‘మాకు ఒత్తిడిగా ఉంది సార్’ అన్న మాటకు రాని జవాబు దీనికి వస్తుంది. ఒత్తిడి ఎంతో ఎవరూ కొలవలేరు. గడియ ఉందా లేదా అన్నదాని మీద వాదన ఉండదు.